పావు నిమిషానికి ఇరవై చుట్లు

1983 మే నెల. రాత్రి ఎనిమిది కావస్తుండగా ఖరగ్‌పూర్‌లోని మా ఝపటాపూర్ పేటంతా ఒక్కసారి చీకటైపోయింది. లోడ్ షెడ్డింగ్. ఆ రోజుల్లో బెంగాల్లో కాపురం చేసినవాళ్లకి ఈ మాట గురించి వేరే చెప్పక్కర్లేదు. పక్కింటి ఫ్యాను చప్పుడు ఆగింది. వీధి చివర పిండిమర ఆగింది. దూరంగా ఖరగ్‌పూర్ యార్డులో షంటింగ్ ఇంజను ఒక్కటే బుసలు కొడుతోంది.

మామ్మ అరుగు మీద తాటాకు విసనకర్రతో కూర్చుని ఉంది.

"ఒరే, మీ తాత పెట్టి తియ్యరా. కరెంటు నేకపోతే దానికేటి? వారణాసి సీను ఇందాం."

నాకప్పుడు పన్నెండేళ్లు. ఆ రాత్రి మొదలుకొని ఆరు రోజులు మా ఇంట్లో జరిగినదాన్ని ఇక్కడ మళ్లీ కూర్చి రాస్తున్నాను. నాకు గుర్తున్నది కొంత, తర్వాత మా నాన్న చెప్పింది కొంత. ఇంటివాళ్ల పేర్లు రాయడం లేదు. ఆ పెట్టెను బాగుచేసిన మనిషి పేరు రాయొద్దని ఆయన పిల్లలు అడిగారు. వీధిలో అందరికీ ఆయన ఫిట్టరు తాత. ఇక్కడా అదే పేరు.

పెట్టె అంటే హిజ్ మాస్టర్స్ వాయిస్ వారి 102 నంబరు గ్రామఫోను. చేత్తో పట్టుకుపోయే నల్లపెట్టె. 1931లో మొదలై పాతికేళ్లకు పైగా తయారైన రకం అది. మా తాత 1948లో కలకత్తా నుంచి తెచ్చాడు. తాత గూడ్సు బండి గార్డు. మూత తెరిస్తే లోపల కుక్కబొమ్మ. పక్కన చిల్లులో హ్యాండిలు దూర్చి కీ ఇస్తే పళ్లెం తిరుగుతుంది. ప్లేటు పెట్టి, ముల్లు మార్చి, సౌండ్ బాక్స్ నెమ్మదిగా దించాలి. కరెంటుతో పని లేదు. ఆ చీకట్లో మా వీధి మొత్తానికి పాట ఇవ్వగలిగిన వస్తువు అదొక్కటే.

లాంతరు దగ్గర పెట్టుకుని కీ ఇస్తున్నాను. లెక్కపెట్టుకుంటూ తిప్పడం నాకు అలవాటు. పదిహేడో చుట్టులో పెట్టె కడుపులో ఏదో పేలింది. అరుగు మీద గొడ్డలి పడ్డట్టు చప్పుడు. హ్యాండిలు నా చేతిలో బరువు కోల్పోయి వట్టినే తిరిగింది. ఎటు తిప్పినా ఒకటే.

"ఏటైనాదిరా?" అంది మామ్మ.

నేను చెప్పలేదు. నావల్లే విరిగిందని తెలిసిపోతుందన్న భయం. గబగబా హరిశ్చంద్ర నాటకం ప్లేటు పెట్టి, ముల్లు దించి, పళ్లెం అంచు మీద వేలు ఆనించి తిప్పడం మొదలుపెట్టాను. పాట వచ్చింది. వేలు జోరుగా వెళ్తే హరిశ్చంద్రుడి గొంతు సన్నబడి చిన్నపిల్లలా కీచుమంది. వేలు జారితే అదే గొంతు బావిలోంచి మూలిగింది. మళ్లీ కీచు, మళ్లీ మూలుగు.

మామ్మ విసనకర్ర ఆపేసింది.

"ఆపరా. అతను హరిచ్చంద్రుడు కాదు."

ఆ రాత్రి నా వేలు పడ్డ అవస్థే 1890ల్లో అమెరికాలో చేత్తో తిప్పే గ్రామఫోను కొన్నవాళ్లూ పడ్డారని పెద్దయ్యాక తెలుసుకున్నాను. ఎడిసన్ 1877లో గొట్టం మీద గొంతుని పట్టుకున్న మొదటి యంత్రం చేత్తో తిప్పేది. గొట్టం బదులు బల్లపరుపు ప్లేటు పెట్టి ఎమిల్ బెర్లినర్ చేసిన గ్రామఫోనూ మొదట్లో చేత్తో తిప్పేదే. గొంతు బాగానే పడేది. దాన్ని తిరిగి వినిపించడమే మనిషి చెయ్యి వల్ల అయ్యేది కాదు. ఎంత అలవాటైన చెయ్యి అయినా ఒక్క తీరుగా మూడు నిమిషాలు తిప్పలేదు. బొమ్మ కింద అమ్ముడుపోవడమే గానీ, పాట వినేవాళ్లు దాన్ని ఇంట్లో పెట్టుకునే పరిస్థితి లేదు.

న్యూజెర్సీలో డెలావేర్ నది ఒడ్డున క్యామ్‌డెన్ అని ఒక ఊరు. నది దాటితే ఫిలడెల్ఫియా. 1896లో ఆ ఊళ్లో చిన్న మెషిన్ షాపు నడుపుతున్న ఎల్డ్రిడ్జ్ జాన్సన్ దగ్గరికి ఈ చేతి యంత్రం వచ్చింది. అతనికి అప్పటికి 29 ఏళ్లు. చదువు అబ్బదు, పై చదువు వద్దు, ఏదైనా చేతిపని నేర్చుకోమని బడిలో పెద్దాయన తేల్చిచెప్పేస్తే పదహారేళ్ల వయసుకే ఫిలడెల్ఫియా మెషిన్ షాపులో పనికి కుదిరినవాడు. గడియారాల్లో, కుట్టుమిషన్లలో స్ప్రింగు మోటార్లు అప్పటికే ఉన్నాయి. బెర్లినర్ మనుషులకు కావలసింది చవగ్గా, చిన్నదిగా, అన్నిటికన్నా ముఖ్యంగా నిలకడగా తిరిగే మోటారు.

చిక్కంతా నిలకడ దగ్గరే. నిండా చుట్టిన స్ప్రింగు మొదట ఏనుగులా తోస్తుంది. విప్పుకునేకొద్దీ నీరసపడుతుంది. పాట మొదటి చరణానికీ చివరి చరణానికీ తోపు ఒకటి కాదు. ఆ యువకుడు తన బల్ల మీద ఆ యంత్రాన్ని పెట్టుకుని, హ్యాండిలు తిప్పి, గొంతు ఎగిరిపడటం విని ఏమనుకుని ఉంటాడో నాకు బాగా తెలుసనిపిస్తుంది. మా అరుగు మీద లాంతరు వెలుగులో నేనూ అదే విన్నాను. తేడా ఏమిటంటే నేను భయపడి ప్లేటు తీసేశాను. అతను ఆ ఏడాదిలోనే పనిచేసే మోటారు తయారుచేశాడు.

మా పెట్టె మూతలోని కుక్క చూస్తున్నది ఆ మోటారు కేసే. చిత్రకారుడు ఫ్రాన్సిస్ బరాడ్ మొదట గీసిన బొమ్మలో కుక్క ముందున్నది ఎడిసన్ గొట్టం యంత్రం. 1899లో లండన్ గ్రామఫోన్ కంపెనీ ఆ బొమ్మను కొంటామని, యంత్రాన్ని మాత్రం తమది వేయమని అడిగితే, దాని మీద రంగు పూసి స్ప్రింగు గ్రామఫోనును వేశాడు. దగ్గరగా చూస్తే పెట్టె పక్కన హ్యాండిలు కనిపిస్తుంది. 1901లో జాన్సన్ విక్టర్ టాకింగ్ మెషిన్ కంపెనీ పెట్టాడు. మరుసటి ఏడాది నవంబరులో లండన్ కంపెనీ రికార్డింగు నిపుణుడు ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గాయని గౌహర్ జాన్ గొంతుని మైనపు పలక మీదికి ఎక్కించాడు. మొదట్లో ప్లేట్లు జర్మనీలో అచ్చై ఓడల మీద వచ్చేవి. 1908లో సియాల్దాలో, ఆ తర్వాత 1928లో దమ్‌దమ్‌లో కార్ఖానాలు వచ్చాయి.

మర్నాడు పొద్దున్నే నాన్నకి విషయం తెలిసింది. తిట్టలేదు. నాలుగేళ్ల కిందట కూడా ఈ పెట్టెను కలకత్తాలో ఒక షాపుకి తీసుకెళ్లాడు. అప్పటికే పాట మధ్యలో లోపల "దబ్" మని చప్పుడొచ్చి గొంతు ఒక్క క్షణం తొట్రుపడేది. ఆ షాపువాళ్లు మోటారు విప్పకుండానే సందుల్లోంచి నూనె పోసి, డబ్బు పుచ్చుకుని పంపేశారు. "ఇదింక బాగవదు, ఎలక్ట్రిక్ మోటారు పెట్టించుకోండి" అన్నారట.

"పెట్టించేద్దాం అమ్మా" అన్నాడు నాన్న.

"కరెంటు పోతే?" అంది మామ్మ.

అంతే. నాన్న వెళ్లి ఫిట్టరు తాతని పిలుచుకొచ్చాడు.

ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్లు ఇంతమంది ఎందుకున్నారని బయటివాళ్లు అడుగుతుంటారు. రైలు వల్ల. తూర్పుతీరం లైనులో వాల్తేరు దాకా ఉన్న ఉత్తరభాగం 1902లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో కలిసింది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి జనం ఆ పట్టాల వెంటే వచ్చి ఇక్కడి కార్ఖానాలో, లోకోషెడ్డులో, యార్డులో కుదురుకున్నారు. ఉద్యోగం ఉన్నన్నాళ్లు క్వార్టర్లు. రిటైరయ్యాక ఝపటాపూర్ లాంటి పేటల్లో ఎర్రమట్టి నేల మీద సొంత గూడు. ఫిట్టరు తాతది టెక్కలి దగ్గర పల్లె. కార్ఖానాలో నలభై ఏళ్లు చేసి 1976లో దిగాడు. 1927లో వి.వి.గిరి గారు నడిపిన యూనియన్ పిలుపు మీద ఖరగ్‌పూర్ కార్ఖానా ఆగిపోయినప్పుడు వాళ్ల నాన్న గేటు బయట నిలబడ్డవాళ్లలో ఒకడు. ఆ తండ్రి వాడిన చేతి వైసు ఒకటి ఫిట్టరు తాత సంచిలో ఉండేది. దవడలు అరిగి నునుపెక్కిపోయినా దాన్ని వదల్లేదు.

"అప్పా, ఏటంతన్నాది నీ పెట్టి?" అంటూ వచ్చి అరుగు మీద గోనెపట్టా పరిచాడు.

మొదట చేసిన పని నాకు ఆశ్చర్యం. హ్యాండిలు జోలికి పోలేదు. బ్రేకు తీసి, పళ్లేన్ని వేలితో తోసి, దానంతట అది ఆగేదాకా చూస్తూ కూర్చున్నాడు.

"ఇడిసిన పులో, కట్టీసిన పులో ముందు తెల్సుకోవాల. స్ప్రింగులో బలం మిగిలుండగా విప్పితే వేళ్లు పోతాయి."

తర్వాత హ్యాండిలుని వెనక్కి తిప్పి ఊడదీశాడు. పళ్లేన్ని పైకి లాగాడు. పై పలక స్క్రూలు తీసి, ఒక్కొక్కటి ఏ మూలదో ఆ వరుసలోనే పాత కేలండరు కాగితం మీద పెట్టమన్నాడు. పలకెత్తి బోర్లిస్తే కింద వేలాడుతూ మోటారు. నేను అప్పటిదాకా చూడలేదు. ఒక పక్క గుండ్రటి ఇనప డబ్బా, దాని అంచుకి పళ్లు. పక్కన ఇంకో చక్రం. ఇంకో పక్క నిలువు కడ్డీ, దాని దగ్గర సన్నటి ఇరుసు మీద మూడు చిన్న గుండ్లు. అన్నిటి మీదా నల్లగా, జీడిలా గట్టిపడ్డ మడ్డి. కలకత్తా షాపువాళ్లు పోసిన నూనె అక్కడే దుమ్ము పట్టి పేరుకుంది.

డబ్బాలోనే ఉంటుంది స్ప్రింగు. అంగుళం వెడల్పు, కాగితాలు నాలుగైదు కలిపి పట్టుకున్నంత మందం, పది అడుగులు దాటిన పొడవు ఉన్న ఉక్కు పట్టీ. అంత పట్టీని అరచేతిలో పట్టే డబ్బాలో చుట్టి కూర్చోబెడతారు. బయటి కొస డబ్బా గోడకున్న కొక్కేనికి తగులుకుంటుంది. లోపలి కొస నడిమి ఇరుసుకున్న ముక్కుకి. కీ ఇస్తే ఇరుసు తిరిగి పట్టీ దానికి బిగుసుకుంటుంది. అది విప్పుకోవాలని చూసే ఆత్రమే డబ్బాని తిప్పుతుంది, పళ్లు పళ్లేన్ని తిప్పుతాయి. మన చెయ్యి అర నిమిషంలో పెట్టిన బలాన్ని మూడు నిమిషాల పాటగా ఖర్చుపెట్టడం దాని పని.

డబ్బాని పెరట్లోకి పట్టుకెళ్లాం. ఫిట్టరు తాత తోలు గ్లౌజులు తొడుక్కుని, నన్ను వేపచెట్టు వెనక నిలబడమన్నాడు. డబ్బాని గోనెసంచిలో పెట్టి, చేతులు రెండూ సంచిలో దూర్చి, పటకారుతో లోపలి చుట్టు పట్టుకుని ఒక్కో చుట్టూ బయటికి జార్చాడు. సంచి లోపల పాము ఉన్నట్టు కదిలింది. చివరి మూడు చుట్లూ ఒక్కసారిగా దూకాయి. సంచి ఎగిరి ఆయన గడ్డానికి తగిలింది. తర్వాత అంతా నిశ్శబ్దం. ముతక మడ్డి వాసన.

ఆ పట్టీని రేషను కిరసనాయిలు పోసిన బేసినులో నానేసి, పాత లుంగీ గుడ్డతో తుడిచే పని నాది. మధ్యాహ్నం కార్ఖానా సైరను అయ్యేదాకా తుడిచాను. నలుపంతా పోయాక ఉక్కు నీలంగా బయటపడింది.

ఫిట్టరు తాత విరిగిన కొసని ఎండలో పట్టుకుని నన్ను పిలిచాడు.

"సూడు. ఏటి కనపడతంది?"

విరిగిన అంచు, వేలిగోరంత. అందులో ఒక సగం నల్లగా, మసిబారినట్టు. రెండో సగం అప్పుడే విరిచిన పంచదార పలుకులా మెరుస్తోంది.

"ఈ నల్లసగం ఎప్పుడో చీలిపోనాది. ఏళ్లై ఉంటాది. అందులోకి తడీ మడ్డీ దిగినాయి. ఈ తెల్లసగం ఒక్కటే ఇన్నాళ్లూ లాగింది. నిన్న రాత్రి అదీ తెగింది. బండి ఇరుసు విరిగినా ఇలగే ఉంటాదిరా. కార్ఖానాలో విరిగిన ఇరుసు తెచ్చి పడేస్తే, ముందు మేం సూసింది ఇదే. నల్లసగం ఎంత, తెల్లసగం ఎంత అని."

"నేను ఎక్కువ తిప్పినందుకు కాదా?"

"ఎక్కువ తిప్పితే మంచి స్ప్రింగు ఇరగదు. బిగుసుకుని ఆగిపోతాది. నువ్వు పట్టుకున్నప్పుడు ఇరిగింది గానీ, నీ వల్ల ఇరగనేదు."

ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ మాట గుర్తొస్తే నాకు ఛాతీ తేలికవుతుంది.

పాట మధ్యలో వచ్చిన "దబ్" చప్పుడుకీ అక్కడే జవాబు దొరికింది. పాత గ్రీజు ఎండి జిగురైపోతే చుట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. సజావుగా జారవలసినవి పట్టుకుని ఉండి, బలం మించాక ఒక్కసారి ఊడతాయి. ఆ కుదుపే చప్పుడు, ఆ కుదుపే గొంతులో తొట్రుపాటు. ప్రతి "దబ్"కీ ఆ చీలిక ఇంకాస్త లోతుకి దిగి ఉంటుంది. నాలుగేళ్ల పాటు యంత్రం తన జబ్బు తనే చెప్పుకుంది. మాకు ఆ భాష రాలేదు.

మూడో రోజు కొస బాగుచేశాడు. కొత్త స్ప్రింగు కలకత్తాలో వెతికితే దొరికేదేమో. ఆయన ఒప్పుకోలేదు. విరిగింది లోపలి కొస దగ్గర మూడంగుళాలే, పదడుగుల పట్టీకి అది లెక్క కాదన్నాడు. ఉక్కు పట్టీని ఉన్నదున్నట్టు వంచితే పుటుక్కున విరుగుతుంది, చిల్లు పడదు. ముందు దాని బిగువు తీయాలి. పట్టీ మొత్తానికి తడిగుడ్డ చుట్టి, కొసన అంగుళంన్నర మాత్రం బయట ఉంచి, బ్లో ల్యాంపు మంట చూపించాడు. మంట తగిలినకొద్దీ ఉక్కు మీద రంగులు నడిచాయి. గడ్డిరంగు, ఊదా, నీలం, చివరికి దోరపండిన మిరపకాయ ఎరుపు. అప్పుడు మంట తీసేసి, కొసని బొగ్గుల బూడిదలో కప్పి, దానంతట అది చల్లారనిచ్చాడు.

"నీళ్లలో ముంచితే పెళుసవుతాది. ఎక్కువ మేర కాలిస్తే మెత్తబడి ముక్కుని వదిలేత్తాది. ఇంత కొసకే, ఇంత నిదానంగా" అని చూపుడువేలి కణుపు చూపించాడు.

చల్లారాక చిల్లు తొలిచి, సన్న ఆకురాయితో దాన్ని బొప్పాయి గింజ ఆకారానికి తెచ్చాడు. ఒక పక్క వెడల్పు, ఒక పక్క ఇరుకు. ముక్కు వెడల్పులో దూరి ఇరుకులో బిగుసుకోవాలి. తర్వాత ఇరుసు మందమే ఉన్న కడ్డీకి ఆ కొసని ఆనించి, చెక్క సుత్తితో తట్టి తట్టి గుండ్రంగా వంచాడు. ఒక్క కొసకి పొద్దున్నుంచి సాయంత్రం దాకా పట్టింది.

నాలుగో రోజు గోల్‌బజారు నుంచి గ్రాఫైట్ గ్రీజు తెప్పించి, పట్టీకి రెండు పక్కలా పూసి, మళ్లీ డబ్బాలోకి ఎక్కించాడు. బయటి కొస కొక్కేనికి తగిలించి, అరచేతుల్తో నొక్కుకుంటూ చుట్టు మీద చుట్టు. నాన్న డబ్బాని మోకాళ్ల మధ్య పట్టుకున్నాడు. ఏడో చుట్టు దగ్గర పట్టీ ఒక్కసారి తిరగబడి నాన్న బొటనవేలు కోసింది. పసుపు అద్దుకుని మళ్లీ కూర్చున్నాడు. చివరి చుట్టు లోపలికి దిగి "టిక్" మని కూర్చున్నప్పుడు ముగ్గురం ఒకేసారి ఊపిరి వదిలాం.

మిగిలింది ఆ మూడు గుండ్లు. ఫిట్టరు తాత వాటిని గవర్నరు అన్నాడు. ఆ మాటకి నేను నవ్వితే ఆయన నవ్వలేదు.

"దీన్ని సూసే జాన్సను గాని ఇంకోడు గాని గెలిచినాడు. స్ప్రింగు బలం ఎవడైనా ఇత్తాడు. అదుపు ఇచ్చేది ఇది."

మూడు గుండ్లూ మూడు పల్చటి ఉక్కు రేకుల నడుమ ఉంటాయి. ఇరుసు తిరిగితే గుండ్లు బయటికి విసురుకుంటాయి, రేకులు విల్లులా వంగుతాయి, కొసనున్న బిళ్ల జరుగుతుంది. ఆ బిళ్ల చిన్న తోలుముక్కకి రాసుకోగానే వేగం తగ్గుతుంది. తగ్గగానే గుండ్లు ముడుచుకుని బిళ్ల వెనక్కి జరుగుతుంది. నిండా చుట్టిన స్ప్రింగు ఎంత తోసినా, అలసిన స్ప్రింగు ఎంత తక్కువ తోసినా, పళ్లెం వేగం ఒకటే. ఒకచోట నిలబడి కార్ఖానా షాఫ్టులు తిప్పే ఆవిరి ఇంజన్లకి జేమ్స్ వాట్ 1788లో పెట్టిన తిరుగుడు గుండ్ల ఉపాయం ఇదే. కార్ఖానా మనిషికి ఇందులో కొత్త ఏమీ లేదు. చిన్నది, అంతే. మా పెట్టెలో తోలుముక్క ఎండి చెక్కలా అయింది. దానికి ఒక్క చుక్క నూనె. ఒక రేకు కొంచెం వంకరపోతే గోటితో సరిచేశాడు.

మీటని తుడిచే పని నాకిచ్చారు. పళ్లెం పక్కన వేగం పెంచి తగ్గించే చిన్న మీట, దాని కింద గీతల బిళ్ల. మడ్డి వదలగొడితే, 78 గీతకి కాస్త అవతల ఎవరో గుండుసూదితో గీసినట్టు సన్నటి గీటు కనబడింది. బ్రాసో పెట్టి రుద్దబోతే ఫిట్టరు తాత చెయ్యి పట్టుకున్నాడు.

"ఎవుడు గీసినాడో తెలీకుండా సెరపకు."

అయిదో రోజు అంతా బిగించాం. ఆరో రోజు సాయంత్రం మామ్మ స్నానం చేసి వచ్చి కూర్చుంది. హరిశ్చంద్ర సెట్టు తీశాం. లేబుల్ చిరిగి పాడినవారి పేరు ఎప్పుడో పోయింది. ఆ ప్లేట్లు పట్టుకునేటప్పుడు తాత ప్రతిసారీ ఒక మాట అనేవాడని మామ్మ చెప్పేది. "ఇది నా బండిలో వచ్చిన సరుకే" అని. ప్లేటుకి ప్రాణం లక్క. పురూలియా జిల్లాలో బలరాంపూర్, ఝాల్దా వైపు, మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద పురుగు కట్టే లక్క. తాత గూడ్సు బండి ఆ వైపు తిరిగేది. ఆ లక్క కలకత్తా చేరి, అక్కడి నుంచి దేశదేశాల ప్లేట్ల కంపెనీలకి వెళ్లేది. ప్రపంచంలో ఎవరి గొంతు విన్నా, చాలాసార్లు దాని అడుగున మన అడవి చెట్టు కొమ్మ ఉంది. కింద పడితే పెంకులా పగిలేది కూడా అందుకే.

ఫిట్టరు తాత పోస్టుకార్డు కొస చింపి, ప్లేటు అంచు కిందికి దూర్చాడు. చేతి గడియారం తీసి నాన్నకిచ్చాడు. పళ్లెం తిరుగుతుంటే ఆ కాగితం ముక్క నా ముందు నుంచి ఎన్నిసార్లు పోతోందో లెక్కపెట్టడం నా పని. నిమిషానికి 78 చుట్లు కావాలి. నిమిషమంతా లెక్కపెడితే తప్పుతాను గనక పావు నిమిషం చాలన్నాడు. పావు నిమిషానికి పందొమ్మిదిన్నర.

మొదట పద్దెనిమిది వచ్చింది. మీట జరిపాడు. ఇరవై ఒకటి. మళ్లీ జరిపాడు. మూడుసార్లు వరసగా పందొమ్మిదిన్నర వచ్చాక తల ఊపి, ముల్లు దించాడు.

పద్యం మొదలైంది. గీర, చిటపటలు, వాటి వెనక నుంచి హార్మోనియం, దాని మీదుగా గొంతు. ఒక్క తీరుగా. నిండుగా. రాగం పైకి వెళ్లి, అక్కడ నిలబడి, తొణక్కుండా దిగింది. వీధిలో పోయేవాళ్లు ఆగారు. ఫిట్టరు తాత కళ్లు మూసుకున్నాడు. నలభై ఏళ్ల పనితనం ఉన్న మనిషి తన పని విని సంతోషించడం నేను చూసింది అదే మొదలు.

పద్యం అయ్యాక మామ్మ అంది, "శ్రుతి తగ్గింది తమ్ముడూ."

"తగ్గనేదప్పా. డెబ్బై ఎనిమిది. కంపెనీ లెక్క. మూడుసార్లు సూసినాను."

"నీ లెక్క సరే. ఈ పాట నాలుగున్నరకి పలకాల. ఇది నాలుగుకీ నాలుగున్నరకీ మద్దిన ఉండిపోనాది."

నాన్న ఆమె వైపు చూశాడు. మామ్మకి శ్రుతి జ్ఞానం ఉందని ఆయనకే తెలియదు. అప్పుడు చెప్పింది. దసరాకి రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో తెలుగు నాటకం వేసేటప్పుడు తాత హార్మోనియం వాయించేవాడు. నెల ముందు నుంచీ ఇంట్లో ఈ ప్లేట్లు పెట్టుకుని వాటితో పాటే వాయించి సాధన చేసేవాడు. ప్లేటులో గొంతు తాత హార్మోనియం మెట్లలో దేనికీ కలిసేది కాదు. మెట్టు మార్చడం కుదరదు. అందుకని తాత పళ్లెం వేగమే మార్చాడు. ఆయన వాయిస్తుంటే తిత్తి ఊదుతూ పక్కన కూర్చున్నది మామ్మ. పదిహేనేళ్లు కూర్చుంది.

హార్మోనియం మంచం కింద ఉంది. గుడ్డ తీస్తే దుమ్ము లేచింది. తిత్తి ఒక మూల ఎలుక కొట్టింది, అక్కడ అరచెయ్యి అడ్డం పెట్టి ఊదితే గాలి నిలిచింది. మామ్మ నాలుగున్నర శ్రుతి నల్లమెట్టు నొక్కి పట్టుకుంది. ఫిట్టరు తాత మళ్లీ ముల్లు దించాడు. రెండు స్వరాలూ ఒకదానికొకటి రాసుకుని గాలిలో వణుకు పుట్టింది. తేనెటీగ గోడకి కొట్టుకున్నట్టు.

"కొంచెం ఎక్కించు" అంది మామ్మ.

మీట వెంట్రుకవాసి జరిగింది. వణుకు నెమ్మదించింది.

"ఇంకొంచెం."

వణుకు బాగా సాగి, సాగి, ఆగిపోయింది. హార్మోనియం ఎక్కడుందో, గొంతు ఎక్కడుందో విడదీయలేనంతగా రెండూ ఒకటైపోయాయి.

"అదీ" అంది మామ్మ. మెట్టు మీంచి వేలు తీయలేదు.

ఫిట్టరు తాత లాంతరు దగ్గరికి జరిపి వంగి మీట వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నా మెడ పట్టుకుని నన్నూ వంచాడు. మీట కొస, నేను బ్రాసో పెట్టి చెరపబోయిన ఆ సన్నటి గీటు మీద సరిగ్గా ఆగి ఉంది.

ఆయన ఏమీ అనలేదు. నాన్న గడియారం తీశాడు. నేను కాగితం ముక్కని లెక్కపెట్టాను. పావు నిమిషానికి ఇరవై.

ముల్లు ప్లేటు మధ్యకి చేరి గరగరలాడుతోంది. మామ్మ రెండో వైపు తిప్పమంది. నేను పాత ముల్లు తీసి కొత్తది బిగించి, హ్యాండిలు పట్టుకుని, ఒకటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాను.